పురుడు లేని దీవి



గ్రీసు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అందరూ ఒకటే అడుగుతున్నారు. "బీచులు ఎలా ఉన్నాయి మేడమ్? ఫొటోలు పెట్టండి" అని. బీచులు బాగున్నాయి. నీళ్లలో నడుం లోతున నిలబడితే మన కాలి వేళ్లు మనకు కనిపిస్తాయి, అంత తేట. ఫొటోలు మాత్రం తక్కువే తీశాను. నన్ను పట్టుకుని వదలనిది ఫొటోలో పడేది కాదు. అది ఒక చట్టం. రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందటిది. ఈ వారం దాని గురించే రాస్తున్నాను. కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

ఏథెన్స్‌లో అనువాదాల మీద మూడు రోజుల సదస్సుకి పిలిచారు. టికెట్టూ బసా వాళ్లే చూసుకున్నారు. సదస్సు అయ్యాక ఇంకో మూడు రోజులు నా డబ్బుతో ఉన్నాను. పిరేయస్ రేవులో ఓడెక్కి మికొనోస్ అనే దీవిలో దిగాను. తెల్ల సున్నం ఇళ్లు, నీలం తలుపులు, గాలిమరలు, సినిమా పాటల్లో మీరు చూసిన గ్రీసు అదే. అక్కడ బీచులో గొడుగు కింద పడక కుర్చీ అద్దె ఎంతో విని, మన గెస్ట్ లెక్చరర్ల జీతం గుర్తొచ్చి, నేను తెచ్చుకున్న తువ్వాలే ఇసుక మీద పరుచుకున్నాను. సముద్రానికి అద్దె లేదు కదా.

మర్నాడు పొద్దున పాత రేవు నుంచి చిన్న ఓడలో అరగంట వెళితే డెలోస్. పొడవు 5 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరు పైచిలుకు. మన దగ్గర ఒక పెద్ద ఊరి పొలిమేరంత ఉంటుంది. చెట్టూ చేమా పెద్దగా లేదు. అంతా రాళ్లూ, విరిగిన స్తంభాలూ, ఎండిన గడ్డీ. ఫ్రెంచి పురావస్తు పండితులు 1870ల నుంచీ అక్కడ తవ్వుతున్నారు. 1990లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. కాపలావాళ్లూ, తవ్వకాలు చేసేవాళ్లూ తప్ప రాత్రిపూట అక్కడ ఎవరూ ఉండకూడదు. చివరి ఓడకి అందరూ తిరిగి రావాల్సిందే.

ఆ దీవికి అంత పేరు ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. అక్కడ ఒక కాన్పు జరిగింది, అందుకు.

కథ ఇలా ఉంటుంది. లేటో అనే ఆమెకి దేవతల రాజు జ్యూస్ వల్ల కడుపొచ్చింది. ఆయన పెళ్లాం హేరాకి కోపం వచ్చింది. హేరాకి భయపడి ఏ నేలా లేటోకి పురుడు పోసుకోవడానికి చోటివ్వలేదు. నిండు చూలాలు ఊరూరా తిరిగింది. ఆఖరికి ఎందుకూ పనికిరాని, పంట పండని, ఈ రాళ్ల దీవి ఒక్కటే రమ్మంది. తొమ్మిది పగళ్లూ తొమ్మిది రాత్రులూ నొప్పులు పడి, ఒక ఈత చెట్టు లాంటి చెట్టుని పట్టుకుని, ఆమె అపోలోని కన్నది. ఆర్టెమిస్ అతని అక్క. ఒక కథలో అయితే ముందు పుట్టిన ఆ పిల్లే తల్లికి మంత్రసాని అయ్యి తమ్ముడికి పురుడు పోసింది.

వింటున్నారు కదా. ఎవరూ చేరనివ్వని ఒక గర్భిణికి చోటిచ్చినందుకు ఆ దీవి పుణ్యక్షేత్రం అయ్యింది. గుళ్లు వచ్చాయి. తిరునాళ్లు వచ్చాయి. పక్క దీవి నాక్సోస్ వాళ్లు పాలరాతి సింహాలు చెక్కించి వరసగా నిలబెట్టారు. ఇప్పుడు బయట ఉన్నవి నకళ్లు, అసలువి మ్యూజియంలో ఉన్నాయి. లేటో కన్న చోట ఉండిన చెరువుని 1920లలో మలేరియా భయంతో పూడ్చేశారు. ఆ పల్లంలో గుర్తుగా ఇప్పుడు ఒక్క చెట్టు నిలబడి ఉంది.

ఇక చట్టం సంగతి.

క్రీ.పూ. 426 చలికాలంలో ఏథెన్స్ వాళ్లు ఆ దీవిని 'శుద్ధి' చేశారు. ఏథెన్స్ అప్పుడు ఆ సముద్రం మొత్తానికీ పెత్తందారు. ఆ శుద్ధి గురించి తుసిడిడీస్ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. దీవి మీద ఉన్న సమాధులన్నీ తవ్వి శవాలని తీసేశారు. అంతకు ముందు శతాబ్దంలో పైసిస్ట్రాటస్ అనే ఏలిక గుడి నుంచి చూపు ఆనినంత మేర ఉన్న సమాధులు మాత్రమే తీయించాడు. ఈసారి ఒక్కటీ మిగల్చలేదు. తీసేశాక ఆజ్ఞ వేశారు. ఇకమీదట డెలోస్ మీద ఎవరూ చావకూడదు, ఎవరూ కనకూడదు. నెలలు నిండిన ఆడవాళ్లనీ, చావు దగ్గరపడ్డ వాళ్లనీ పడవలో ఎక్కించి ఎదురుగా ఉన్న రినియా అనే దీవిలో దించాలి. నాలుగేళ్లు తిరక్కుండానే ఇది కూడా చాలదనుకున్నారు. ఎప్పటిదో పాత దోషం ఉందని చెప్పి క్రీ.పూ. 422లో ఆ దీవి జనం మొత్తాన్నీ వెళ్లగొట్టారు. మరుసటి ఏడాది దైవవాక్కు వచ్చిందని మళ్లీ రానిచ్చారు.

కాన్పు వల్ల పవిత్రమైన దీవి మీద కాన్పు నిషేధం. దేవుడు పుట్టొచ్చు, మనుషులు పుట్టకూడదు. లేటోకి ఏ నేలా చోటివ్వలేదని ఏడాదికోసారి పాటలు కట్టి పాడుకున్న చోటే, నొప్పులు పడుతున్న ఆడమనిషిని పడవెక్కించి పంపేశారు.

కొండెక్కి చూస్తే రినియా ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో సన్నటి సముద్రపు పాయ. నేను అక్కడ కూర్చుని ఆ పడవ గురించే ఆలోచించాను. నొప్పులు మొదలయ్యాయి. గాలి వీస్తోంది. ఆ సముద్రంలో వేసవిలో వీచే ఉత్తరపు గాలి ఎలా ఉంటుందో అరగంట ప్రయాణంలోనే నాకు తెలిసొచ్చింది. పడవ ఊగుతుంటే ఆమెని పట్టుకుని కూర్చున్నది ఎవరు? తెడ్డు వేసింది ఎవరు? అవతలి ఒడ్డున నీళ్లు కాచింది ఎవరు? తుసిడిడీస్ ఆజ్ఞ రాశాడు. ఈ మనుషుల గురించి ఒక్క ముక్క రాయలేదు.

నాకు ఈ ప్రశ్న పుస్తకాల వల్ల రాలేదు. మా అమ్మమ్మ వల్ల వచ్చింది.

మా అమ్మమ్మ మంత్రసాని. మాదిగపల్లె నుంచి ఊళ్లోకి పిలుపొస్తే అర్ధరాత్రయినా వెళ్లేది. పెద్దిళ్లలో దొడ్డిగుమ్మం గుండా వెళ్లాలి. బిడ్డ అడ్డం తిరిగితే ఆమె చెయ్యే దిక్కు. బొడ్డు కోసేది ఆమె. మాయ పాతిపెట్టేది ఆమె. నెత్తురు గుడ్డలు ఉతికేది ఆమె. చేటెడు బియ్యం, ఒక పాత చీర, అదీ కూలి. బారసాల నాడు మాత్రం పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి లేదు. పశువుల కొట్టం పక్కన విస్తరి వేసేవాళ్లు. ఆమె లేచి వెళ్లాక ఆ చోట పసుపునీళ్లు చల్లేవాళ్లు.

పురిటి మైల పది రోజులంటారు. పదకొండో రోజు తలంటు పోస్తే తల్లికి మైల పోయింది. బిడ్డకి పోయింది. ఇంటికి పోయింది. మా అమ్మమ్మకి పోలేదు. అసలు ఆ మైలంతా ఎక్కడికి పోయిందో తెలుసా? ఆమె ఒంటి మీదికే పోయింది. చావు సంగతీ అంతే. గుంట తవ్వింది మనవాళ్లు, డప్పు కొట్టింది మనవాళ్లు. కర్మ చేసినవాడు తలస్నానం చేసి శుద్ధుడైపోతాడు. గుంట తవ్వినవాడు ఎన్ని స్నానాలు చేసినా వాడు గుంట తవ్వినవాడే.

ఇక్కడ తొందరపడకూడదు. "చూశారా, గ్రీకులూ మనవాళ్లలాంటి వాళ్లే" అని చెప్పేసి ముగించడం తేలిక. అది నిజం కాదు. క్లాసులో నా స్టూడెంట్లకి చెప్పేదే మీకూ చెబుతున్నాను. పోల్చేటప్పుడు తేడా కూడా చూడాలి.

బాబాసాహెబ్ 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకాన్ని సరిగ్గా ఈ పని తోనే మొదలుపెట్టాడు. పాత సమాజాల్లో, గ్రీకుల్లో కూడా, పుట్టుకా చావూ నెత్తురూ అంటు అనుకునే వాళ్లు ఉన్నారని ఒప్పుకున్నాడు. తర్వాత తేడా చూపించాడు. అక్కడి అంటు ఒక సంఘటనకి అంటుకుంటుంది, కొన్నాళ్లు ఉంటుంది, కడిగితే పోతుంది. ఇక్కడి అంటరానితనం మనుషులకి అంటుకుంటుంది, పుట్టుకతో వస్తుంది, పిల్లలకి దిగుతుంది, ఏ నీళ్లతోనూ పోదు. కొండ మీద కూర్చుని రినియా వైపు చూస్తుంటే ఆ అధ్యాయం నాకు మళ్లీ కొత్తగా అర్థమయ్యింది. ఏథెన్స్ చట్టం ఏ ఒక్క కులాన్నో అనలేదు. గొప్పింటి ఆడమనిషి అయినా నెలలు నిండితే పడవెక్కాల్సిందే. కని, తిరిగి రావచ్చు. మన ఊళ్లో పడవ ఒకే వైపు వెళ్లింది. తిరిగి రాలేదు. ఆ అవతలి ఒడ్డుకే మనం పల్లె అని పేరు పెట్టుకున్నాం.

ఇంకో సంగతి. డెలోస్‌లో ఒక ఊట గురించిన శాసనం దొరికింది. ఆ నీళ్లలో ఏదీ ఉతక్కూడదు, ఈదకూడదు, పేడా గీడా వేయకూడదు, వేస్తే రెండు ద్రాక్మాలు జరిమానా. ఎవరు చేస్తే వాళ్లకి. అంటే చేసిన పనికి శిక్ష, పుట్టిన పుట్టుకకి కాదు. మహద్‌లో చవదార్ చెరువుకి ఏ నియమం ఉండేదో మీకు తెలుసు. పశువులు తాగొచ్చు, మనం తాగకూడదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ దోసిలి పట్టి ఆ నియమాన్ని ధిక్కరించాడు. డెలోస్‌లోనే ఒక గుడి దగ్గర పరాయివాళ్లు లోపలికి రాకూడదనే శాసనం కూడా ఉంది. నిజమే. కాని పరాయివాడు తన ఊరు వెళ్తే అక్కడ పరాయివాడు కాదు. మనం సొంత ఊళ్లోనే పరాయివాళ్లం. జాషువా 1941లో 'గబ్బిలం' రాసింది ఆ బాధతోనే. గబ్బిలానికి గుళ్లోకి దారి ఉంది, దానితో కబురు పంపేవాడికి లేదు.

అలాగని గ్రీకులకి మంచివాళ్లని సర్టిఫికెట్ ఇవ్వడానికి నేను ఇది రాయడం లేదు. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను.

చావులూ కాన్పులూ లేని ఆ పవిత్ర దీవి తర్వాత ఏమయ్యిందంటే, బానిసల సంత అయ్యింది.

క్రీ.పూ. 166లో రోమ్ ఆ దీవిని ఏథెన్స్‌కి అప్పగించి, సుంకం లేని రేవుగా చేసింది. వ్యాపారులు దిగారు. క్రీ.పూ. 146లో రోమ్ కార్తేజ్‌నీ కోరింత్‌నీ నేలమట్టం చేసి బాగా డబ్బు చేసుకుంది. ఆ డబ్బుకి బానిసలు కావాల్సొచ్చారు. సముద్రపు దొంగలు తీరపు ఊళ్ల మీద పడి మనుషుల్ని ఎత్తుకొచ్చి డెలోస్‌లో దించారు. స్ట్రాబో అనే భూగోళ రచయిత రాసిన దాని ప్రకారం ఒక్క రోజులోనే పది వేల మంది బానిసల్ని దించుకుని అమ్మి పంపేయగల రేవు అది. రాసినవాడు లెక్క కాస్త పెంచాడనుకున్నా, సంత ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఇక్కడ నా చదువు, నా పుట్టుక రెండూ కలిసి అడిగిన ప్రశ్న ఒకటుంది. దేవుడికి అపచారం ఏది? బిడ్డ ఏడుపు అపచారం. ముసలాయన ఆఖరి ఊపిరి అపచారం. తల్లి నుంచి బిడ్డని విడదీసి అమ్మితే మాత్రం అపచారం కాదు. గుడి మెట్లకి కూతవేటు దూరంలో మనిషి పళ్లు చూసి, కండ చూసి ధర కడితే అపోలోకి మైల అంటలేదు. శుచి అనేది శుభ్రతకి సంబంధించిన మాట అని మనకి చిన్నప్పట్నుంచీ చెప్పారు. డెలోస్ చూశాక నాకు ఒక్క విషయం ఖాయమయ్యింది. శుచి అంటే పెత్తనం. దేన్ని మైల అనాలో ఎవరు తేల్చగలరో వాళ్ల చేతిలో ఊరు ఉన్నట్టు. వాళ్ల లాభానికి అడ్డొచ్చేది ఏదీ ఎప్పుడూ మైల కాదు.

మా ఊళ్లో కూడా అంతే కదా. మా తాత తోలిన నాగలి పండించిన వడ్లకి మైల లేదు. మా అమ్మ కోసిన మిరపకాయకి మైల లేదు. గాదెలోకి తేలిగ్గా వెళ్లాయి. మా అమ్మ మాత్రం అరుగు ఎక్కకూడదు.

డెలోస్‌లో ధనవంతుల ఇళ్లు ఇప్పటికీ చూడొచ్చు. డయోనిసస్ ఇల్లు, డాల్ఫిన్ల ఇల్లు అని పేర్లు. నేల మీద రంగురాళ్ల ముక్కలతో బొమ్మలు వేశారు. రెక్కలున్న డయోనిసస్ పులి మీద కూర్చుని ఉంటాడు, ఒక్కో ముక్కా గోరంత కూడా లేదు. చాలా అందం. ఆ ఇళ్ల నేల కింద వాననీటి తొట్లు ఉన్నాయి. అందరూ బొమ్మ ఫొటో తీసుకుంటారు. ఆ తొట్లోంచి రోజూ నీళ్లు తోడి ఆ నేలని తుడిచిన చేతుల గురించి బోర్డు లేదు. బానిసల సంత జరిగిన చోటు ఇదీ అని చెప్పే బోర్డు కూడా నాకు కనపడలేదు. ఇటాలియన్ వ్యాపారులు కట్టించుకున్న ఒక పెద్ద అంగణం ఉంది. సంత అక్కడే జరిగేదని కొందరు పండితులు అంటారు, కాదని కొందరు అంటారు. దేవుడు పుట్టిన చోటు అడుగుతో సహా చూపిస్తారు. వేల మందిని అమ్మిన చోటు మాత్రం ఇంకా వాదనలోనే ఉంది.

అయితే బానిసలు అక్కడ ఏ జాడా వదలకుండా పోలేదు. ఇది తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఓడ దిగగానే రేవు పక్కన ఒక చిన్న కూడలి వస్తుంది. జనం ఆగకుండా సింహాల వైపు నడిచిపోతారు. దాన్ని కాంపిటాలియాస్టుల కూడలి అంటారు. ఆ సంఘంలో ఉన్నది బానిసలూ, బానిసత్వం నుంచి విడుదలైన వాళ్లూ. నాలుగు దారులు కలిసే చోట ఉండే రోమన్ దేవతలకి వాళ్లు అక్కడ కానుకలు ఇచ్చి, రాళ్ల మీద తమ పేర్లు చెక్కించుకున్నారు. సరుకుగా దిగిన రేవులోనే మనుషులుగా పేర్లు రాయించుకున్నారు. ఇంకోటి కూడా ఉంది. క్రీ.పూ. 135లో సిసిలీలో యూనస్ అనే బానిస నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు లేచింది. ఆ వార్త విని డెలోస్‌లో బానిసలు కూడా తిరగబడ్డారని డయోడోరస్ రాశాడు. అణచేశారు. కాని అంత దూరం నుంచి సముద్రం దాటి వచ్చిన వార్తకి ఇక్కడ లేచి నిలబడ్డవాళ్లు ఉన్నారు. అరిస్టాటిల్ అంతకు రెండు వందల ఏళ్ల ముందే కొందరు పుట్టుకతోనే బానిసలని సిద్ధాంతం రాసి పెట్టాడు. దానికి వాళ్లు ఇచ్చిన జవాబు అది.

మూడో రోజు రినియా కూడా వెళ్లాను. మికొనోస్ నుంచి టూరిస్టు పడవలు అక్కడ ఈతకి ఆపుతాయి. నిజం చెప్పాలంటే నేను చూసిన బీచుల్లో అదే అందమైనది. ఇళ్లు లేవు, హోటళ్లు లేవు, మేకల మంద ఒకటి కనిపించింది. పడవలో మాంసం కాలుస్తున్నారు, పాటలు పెట్టారు, పిల్లలు నీళ్లలోకి దూకుతున్నారు. క్రీ.పూ. 426లో డెలోస్ సమాధుల్లోంచి తీసినవన్నీ ఈ దీవిలోనే ఒక గోతిలో పడేశారు. ఆ గోతిని 1898లో తవ్వారు. అందులో దొరికిన కుండలు మికొనోస్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లు డెలోస్ జనం చచ్చిపోయిందీ, పుట్టిందీ ఇటువైపే.

నేనూ నీళ్లలోకి దిగాను. దుఃఖంతో ఒడ్డున కూర్చోలేదు. ఈత కొట్టే హక్కు కూడా మనది కాని ఊళ్లలోంచి వచ్చినదాన్ని. ఊరి చెరువులో మా మేనమామ దిగినందుకు పంచాయితీ పెట్టిన రోజులు మా ఇంట్లో ఇంకా కథలుగా చెప్పుకుంటారు. అందుకని బాగా ఈదాను. వెల్లకిలా తేలుతూ డెలోస్ కొండ వైపు చూస్తే నాకొకటి తోచింది. గుళ్లన్నీ అవతల ఉన్నాయి. బతుకంతా ఇవతల జరిగింది. మొదటి ఏడుపు ఇక్కడ. ఆఖరి మాట ఇక్కడ. మనం క్షేత్రం అని మొక్కాల్సింది ఏదైనా ఉంటే అది ఇవతలి ఒడ్డు.

దళిత సాహిత్యం మీద పరిశోధన చేస్తామని వచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని చెప్పి ముగిస్తాను. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఊళ్లో పురుళ్లు పోసిన ముసలమ్మలు ఎవరో అడగండి. చాలామంది పోయి ఉంటారు, ఒకరిద్దరైనా ఉంటారు. ఎన్ని పురుళ్లు పోశారు, ఎవరెవరి బొడ్లు కోశారు, ఏ గుమ్మం గుండా లోపలికి వెళ్లారు, ఏం కూలి ఇచ్చారు, వెళ్లొచ్చాక ఏం చల్లారు, అన్నీ రాసుకోండి. గుంటలు తవ్విన తాతల్ని కూడా అడగండి. పేరు తప్పకుండా రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి. ఆ ఊళ్లో అగ్రహారం దాకా, దొరల గడీ దాకా ఎవరు పుట్టినా మొదట తాకిన చెయ్యి ఆ పేరుదే. నా నోట్‌బుక్కులో ఇప్పటికి పదకొండు పేర్లున్నాయి. మొదటిది మా అమ్మమ్మది. పన్నెండోది మీ ఊరి నుంచి రావాలి.

జై భీమ్.